వానికి మేం చేసిన బోణీ

కోలారు దగ్గర తమక అనే ఊరు దాటినాక హైవే పక్కన ఒక హోటలు ఉండాది. పేరు చెప్పను. గుమ్మానికి అటొకటి ఇటొకటి కుండీల్లో ఖర్జూరం చెట్లు పెట్టినారు. లోపలికి పోతా పోతా, ఎవరూ చూడకుండా ఒక ఆకు గిల్లినాను. ప్లాస్టిక్కు. ఆడికాడికే మా ఆయన చెయ్యి పట్టుకోని వెనక్కి తిరిగుంటే ఈ కథే లేదు. తిరగలేదు. తప్పు నాది కూడా ఉండాది, ముందుకి పోతే చెప్తాను.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. ఆండర్సన్‌పేట బజారులో కిరాణా అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. మా మామగారు పెట్టినది, ఇప్పుడు మా ఆయన చూస్తాడు. గనులు మూసేసినాక మా ఊర్లో సగం మంది మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరుకి పోయి పని చేసుకోని వస్తా ఉండారు. ఆ మొదటి రైలు జనం కోసం మా ఆయన తెల్లారక ముందే షట్టరు ఎత్తుతాడు. బన్ను, బ్రెడ్డు, బీడీ కట్ట, షాంపూ పొట్లం. సాయంత్రం రైలు జనం వచ్చినాక బియ్యం, పప్పు, నూనె. నడమ నడమ గని మట్టి పోసిన సైనైడ్ గుట్టల మీంచి గాలొస్తే డబ్బాల మీద తెల్లగా దుమ్ము. అది తుడిచేది నా పని.

ఇరవై తొమ్మిదేండ్ల సంసారంలో ఆ షట్టరు పూర్తిగా మూసింది రెండే దినాలు. మామగారు పోయిన దినం, అత్తగారు పోయిన దినం. కరోనాలో కూడా పొద్దున నాలుగు గంటలు తెరిచి పెట్టినాడు మహానుభావుడు. నాకు కడుపులో రాళ్ళు తీసినప్పుడు కోలారు ఆసుపత్రిలో నేను కండ్లు తెరిచి చూస్తే పక్కన మా పిన్నమ్మ కూర్చోని ఉండాది. ఆయన మజ్జానం బేరం తగ్గినాక వచ్చినాడు. మంచం పక్కన కొంచెంసేపు నిలబడి, గడియారం చూసుకోని, "సాయంత్రం రైలు జనం వస్తారే" అని పోయినాడు. చెడ్డోడు కాదు. నా మీద ఒక్కనాడు చెయ్యెత్తినోడు కాదు. కానీ ఆ మాట నేను మరిచిపోలేదు.

పెండ్లైన కొత్తలో సముద్రం చూపిస్తానన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. నేను బూదికోట పక్కన పల్లెలో పుట్టినదాన్ని, చెరువు నీళ్ళు తప్ప ఇంగ పెద్ద నీళ్ళు చూడలేదు. ఆ మాట పట్టుకోని మూడేండ్లు అడిగినాను. పండగ బేరం అయిపోనీ అన్నాడు. ఎండలు తగ్గనీ అన్నాడు. స్కూళ్ళు తెరిచే టైము కదా, నోటుబుక్కులు పోతాయి అన్నాడు. అడిగి అడిగి నాకు బేజారై నోరు మూసుకున్నాను. నోరు మూసుకుంటే ఆశ కూడా సర్దుకుంటాది అనుకున్నాను. యాడ సర్దుకుంటాది!

ఇంగ మా ఆయన బోణీ సంగతి చెప్పకపోతే మీకు ఏదీ అర్థం కాదు.

ఆయనకి దేవుడు ఎంతో బోణీ అంత. పొద్దున్నే మొదట వచ్చినవాళ్ళు ఇచ్చిన డబ్బు కుడిచేత్తో తీసుకోని, తక్కెడకి తాకించి, రెండు కండ్లకీ అద్దుకోని, అప్పుడు డబ్బాలో వేస్తాడు. ఆ ఒక్క బేరం అయ్యేదాకా నోట్లోంచి 'లేదు' అన్న మాట రాదు. అడిగిన సరుకు లేకపోతే "వస్తా ఉండాది, అందాకా ఇది తీసుకోపోండి" అని ఇంగోటి చేతిలో పెడతాడు. ఇప్పుడు అందరూ ఫోన్లో స్కాన్ చేసి డబ్బులు వేస్తారు కదా, దానికి కూడా ఒక పద్ధతి పెట్టినాడు. పొద్దున షట్టరు ఎత్తగానే ఆ స్కాన్ బోర్డుని గోడవైపు తిప్పి పెడతాడు. "బోణీకి ఫోను ఒద్దప్పా, చేతికియ్యి" అంటాడు. బోణీ అయినాకే బోర్డు ఇటు తిరిగేది.

ఆయన ఎదురు చూసేది ఒక అవ్వ కోసం. గని పనోళ్ళకి కట్టిన లైను ఇండ్లలో ఉంటాది. వాళ్ళాయన చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో దిగినోడు, ఎప్పుడో పోయినాడు. అవ్వ చెయ్యి మంచిదని మా ఆయన నమ్మకం. దినామూ పది రూపాయల బిళ్ళ తెచ్చి టీపొడి పొట్లం తీసుకుంటాది. అవ్వకి కూడా అదొక గౌరవం. రైలు జనం తొందరపడతా ఉంటే, "ఉండండప్పా, ఆయన నాకోసం కాచుకోని ఉండాడు" అని అందర్నీ పక్కకి తోసి ముందుకొస్తాది.

సొంత బోణీ అయితే సరేనప్పా అనుకోవచ్చు. ఇతరుల బోణీ కూడా ఈయనే చేయల్ల. కూరగాయల మార్కెట్టుకి పంపితే, ఎవురైనా "బోణీ అప్పా, పోవద్దు" అన్నారంటే చాలు, పుచ్చు వంకాయలైనా సంచిలో వేసుకోని వస్తాడు. "కండ్లు యాడ పెట్టుకున్నారు?" అని నేను కేకలేస్తే, "బోణీ అన్నదే ఆయమ్మ. అమ్మేవాళ్ళ కష్టం అమ్మేవాళ్ళకే తెలుస్తాది" అంటాడు. నేను ఆ వంకాయల్లో పురుగులు ఏరతా తిట్టుకునేదాన్ని. లోపల మాత్రం, ఈ మనిషి ఇట్లుండేదే మేలు అనిపించేది.

కోలారులో ఒక పెద్ద బట్టలంగడికి పోయినప్పుడు గుమ్మం దగ్గర గాజు పెట్టె పెట్టినారు. చీటీలో పేరు, ఫోన్ నంబరు రాసి వేస్తే లక్కీ డ్రా. నేను చీరలు చూస్తా ఉంటే ఈయన ఊరికే కూర్చోలేక ఒక చీటీ రాసి వేసినాడు. నాలుగు దినాలకి ఫోనొచ్చింది. "మీకు గిఫ్టుగా ప్లేట్ల సెట్టు వచ్చింది సార్, ఆదివారం మజ్జానం మా ప్రోగ్రాముకి రండి, భార్యాభర్తలు ఇద్దరూ రావల్ల, ఒక్కరే వస్తే గిఫ్టు ఇయ్యము."

"ఇయ్యకపోతే పోనీండి. ప్లేట్లకి మొహం వాచి ఉండామా మనం?" అన్నాను.

"సుమ్మనే ఊరికే పోయొద్దాం పావే. అంగడి మూస్తాను."

డబ్బాలు తుడిచే గుడ్డ కింద పెట్టినాను. "ఏం చేస్తారు?"

"ఒక పూట మూస్తాను. ఇద్దరూ రావల్ల అంటా ఉండారు కదా."

నా కోసం మూయని షట్టరు ఎవుడో ముక్కూ మొహం తెలియనోడు రమ్మంటే మూస్తాడంట! ఒళ్ళు మండింది. మండినా కూడా, ఆదివారం పట్టుచీర కట్టుకున్నాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి.

హోటల్లో పెద్ద హాలు. గుండ్రటి టేబుళ్ళు, టేబుల్‌కి ఒక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ ఎదురుగా నల్లకోటు వేసుకున్నోడు ఒకడు. చెవులు పగిలేటట్టు పాటలు. మూలన ఒక ఇత్తడి గంట వేలాడదీసినారు. ఎవురైనా సంతకం పెడితే దాన్ని ఢంగ్‌మని కొడతారు, ఆ నల్లకోట్లోళ్ళంతా లేచి చప్పట్లు కొడతారు. గుళ్ళో కొట్టాల్సిన గంటని తెచ్చి ఇట్లాంటి చోట కొడితే దానికి కూడా రోతగా ఉండదా?

మా ముందర కూర్చున్నోడికి ముప్పై ఏండ్లు ఉంటాయి. సెంటు వాసన గుప్పుమంటా ఉండాది. మొదట అంకుల్, ఆంటీ అన్నాడు. మేము తెలుగు మాట్లాడుకునేది విన్నాడు, అంతే, "అయ్యో, మనోళ్ళే! మాది కూడా చిత్తూరు పక్కే అమ్మా!" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏ ఊరప్పా?" అన్నాను.

"ఆ పక్కనే అమ్మా."

పక్కనే అనే ఊరు ఆ పక్క యాడుందో నాకు తెలీదు. ఆ నిమిషం నుంచి మేము వానికి అమ్మా, అప్పా అయిపోయినాము. వాడు అమ్మా అన్నప్పుడల్లా ఎవురో నా కొంగుకి చెయ్యి తుడుచుకున్నట్టు ఉండింది.

"అమ్మని లాస్ట్ టైమ్ యాడికి తీసుకుపోయినారప్పా?" అని అడిగినాడు.

మా ఆయన టేబుల్ గుడ్డని చూసినాడు. "తిరుపతికి" అన్నాడు. అబద్ధం. తిరుపతికి నేను మా పిన్నమ్మోళ్ళతో పోయినాను, ఈయన అంగట్లో ఉండాడు. నా ముందర ఆయన అబద్ధం ఆడింది అదే మొదలు. వాడు అది కాగితం మీద రాసుకోని, నా వైపు తిరిగినాడు. "అమ్మకి ఏం చూడల్లని ఉండాది?"

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఎన్నేండ్లైందో. "సముద్రం" అని నోట్లోంచి జారిపోయింది.

"చూసినారా అప్పా! అమ్మ కండ్లు చూడండి ఒకసారి!" అని వాడు కాగితం మీద అలలు గీసినాడు. మూడు గీతలు, ఒక సూర్యుడు. ఇరవై తొమ్మిదేండ్లు నేను లోపల దాచుకున్నది వాని పెన్ను కింద అంగట్లో సరుకైపోయింది. ఛీ, ఎందుకన్నాను ఆ మాట అని నాలుక కరుచుకున్నాను.

వాడు చెప్పింది ఏమంటే, ఒక పెద్ద మొత్తం కంతుల్లో, అంటే వాయిదాల మీద, కట్టల్ల. కడితే పాతికేండ్లు ప్రతి ఏడూ మనకి ఇన్ని పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లు ఖర్చు పెట్టి వాళ్ళ హోటళ్ళలో ఏడాదికి ఏడు దినాలు ఉండొచ్చు. కొండలు, అడవులు, సముద్రం, మన ఇష్టం. ఇది కాక మెయింటెనెన్స్ అని ఏటా ఇంగ కొంత కట్టల్ల. పోయినా కట్టల్ల, పోకపోయినా కట్టల్ల.

మా ఆయన అంతా విని, అంగట్లో కొత్త కంపెనీ పప్పు తెచ్చినోడిని అడిగినట్టు అడిగినాడు. "ఒక దినానికి ఎన్ని పాయింట్లు?"

"అది సీజన్ బట్టి అప్పా. రద్దీ ఉంటే జాస్తి, లేకపోతే కమ్మీ."

"సరే. ఇప్పుడు చెప్పిన లెక్కే పదేండ్ల తర్వాత కూడా ఉంటాదా?"

"కంపెనీ అప్పుడప్పుడు మారుస్తా ఉంటాది అప్పా. అది మామూలే."

"అంటే తూకం రాయి నీ దగ్గరే ఉంటాది, నీకు కావాల్సినప్పుడు నువ్వే దాన్ని చెక్కుతావు" అన్నాడు మా ఆయన, గొంతు కూడా పెంచకుండా. "మేము అట్ల చేస్తే తూనికలోళ్ళు వచ్చి అంగడి మూసేస్తారప్పా."

వాడు పళ్ళికిలించినాడు. నాకు చప్పట్లు కొట్టల్లనిపించింది. అప్పుడే మా ఆయన ఇంగో ప్రశ్న అడిగినాడు. "పోవడానికి కుదరకపోతే ఆ పాయింట్లు ఏమైతాయి?"

"కొన్నాళ్ళు చూసి లాప్స్ అప్పా, పోతాయి. అందుకే మా మెంబర్లు తప్పకుండా పోతారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. మా ఆయన సంగతి నాకు తెలుసు. నేల మీద నాలుగు పప్పు గింజలు పడితే వంగి ఏరతాడు. పగిలిన బిస్కెట్ పొట్లం పారేయనియ్యడు, నాకే తినిపిస్తాడు. అట్లాంటి మనిషి కట్టిన పాయింట్లు పోనిస్తాడా? పోనియ్యడు. నా కోసం అంగడి మూయడు, ఆసుపత్రిలో పడుంటే మూయడు, పాయింట్లు వ్యర్థం అయిపోతాయంటే మాత్రం మూస్తాడు. ఏటా ఏడు దినాలు, పాతికేండ్లు! ఇది మోసమని నాకు ఆయన కన్నా ముందే తెలిసింది. అయినా కావల్లనిపించింది. మొగుని పక్కన కూర్చునే సుఖాన్ని కూడా కంతుల్లో కొనుక్కునే గతి నాకు పట్టిందని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తే నా మీద నాకే ఉమ్మేసుకోవల్లనిపిస్తాది.

మా ఆయన ఫైలు మూసి మర్యాదగా ముందుకి తోసినాడు. "ఇంటికి పోయి ఆలోచించి చెప్తామప్పా."

"ఈ ఆఫరు ఈ గంటకేనప్పా" అని వాడు మేనేజరుని పిలిచినాడు. మేనేజరు వచ్చి కొంత తగ్గించినాడు. మా ఆయన తల అడ్డంగా ఆడించినాడు. నేను నీళ్ళు తాగొస్తానని లేచినాను. నీళ్ళ డ్రమ్ము హాలుకి ఆ చివర ఉండాది. టేబుళ్ళ నడమ సందుల్లోంచి పోవల్ల.

దారిలో ఒక టేబుల్ దగ్గర నల్లకోటు పిల్ల ఒకతె, చేతులు జోడించి కన్నడంలో బతిమాలతా ఉండాది. ఏమని? పొద్దున్నించి తనకి బోణీ కాలేదని. పాపం అనుకున్నాను. రెండు టేబుళ్ళు దాటినాను. ఆడ ఒకడు, అరవంలో, అవే చేతులు, అదే ఏడుపు మొహం. బోణీ సార్, మీరే బోణీ. మా ఊర్లో మూడు భాషల్లోనూ ఆ మాట ఒకటే కదా, చెవిలో సూదిలా దిగింది. గడియారం చూసినాను. సాయంత్రం నాలుగు దాటింది. మేమొచ్చినాకే ఆ ఇత్తడి గంట ఆరేడు సార్లు మోగింది. నాలుగు గంటలకి ఎవుడికప్పా బోణీ? ఎవురో వీళ్ళకి నేర్పించి పంపినారు. కోలారు పక్క అంగడోళ్ళు ఈ మాటకి పడతారని కాగితం మీద రాసిచ్చుంటారు.

నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చినాను. నేనొచ్చేసరికి మా ఆయన లేచి నిలబడి ఉండాడు. వాడు ఎదురుగా చేతులు జోడించినాడు.

"అప్పా, మీరు పోతే పోండి. కానీ పొద్దున్నించి నాకు ఇంగా బోణీ కాలేదు. మీ చెయ్యి మంచిదని మనసుకి తోచింది."

మా ఆయన మొహం నేను చూసినాను. పుచ్చు వంకాయల మొహం. మెల్లిగా మళ్ళా కూర్చున్నాడు. కూర్చోని నా వైపు చూసినాడు. ఏమే, ఏం చేద్దాం అని. నేను ఒక్క మాట అంటే చాలు. "ఆడ కూడా ఇదే మాట చెప్తా ఉండారు, పాండి పోదాం" అంటే చాలు. ఆయన దులుపుకోని లేచేసేవాడు.

"మీ ఇష్టం" అన్నాను.

ఆయన జేబులోంచి కార్డు తీసి, వానికి ఇచ్చేముందు రెండు కండ్లకీ అద్దుకున్నాడు. ఇంటి పైకప్పు కారతా ఉండాదని, బాగు చేయించడానికి పెట్టుకున్న డబ్బు అది. మొదటి కంతుకి సరిపోయింది. వాడు ఆ కార్డుని బస్సు కండక్టరు చిల్లర లాక్కున్నట్టు లాక్కోని మిషన్లో గీకినాడు. ఢంగ్‌మని గంట. చప్పట్లు. వాడు అప్పుడే మా వైపు చూసేది మానేసినాడు, పక్క టేబుల్‌ వానితో నవ్వుతా ఉండాడు. గిఫ్టు అని ఇచ్చిన పెట్టెలో ఆరు ప్లేట్లు ఉండాయి, ఒకదానికి అంచు ఇరిగింది.

బస్సులో ఆయన అన్నాడు, "వాని సరుకు మంచిది కాదే. తూకం లేని సరుకు. కానీ బోణీ అన్నాడు, ఏం చేసేది?" కొంచెంసేపు కిటికీలోంచి చూసి, "పోనీలే, నీకు సముద్రం దొరికింది" అన్నాడు.

నాకు ఆనందం, రోత రెండూ ఒకేసారి వచ్చినాయి. ప్లేట్ల పెట్టెని ఒళ్ళోకి లాక్కున్నాను.

మర్నాటి నుంచి మొదలైంది. ఆయన ఆ ఫైలుని లక్ష్మీదేవి పటం దగ్గర పెట్టినాడు. అవ్వకి చెప్పినాడు, రైలు జనానికి చెప్పినాడు, పాలోడికి చెప్పినాడు. "పొద్దున్నించి పాపం బోణీ లేకుండా కూర్చోని ఉండాడు. మనమే చేసినాము. ఆ తర్వాత వానికి బాగా బేరమై ఉంటాది." చెప్పినప్పుడల్లా మొహం ఎలిగిపోతా ఉండాది. అవ్వ, "నీది మంచి చెయ్యప్పా" అనేది. నేను తలుపు చాటున డబ్బాలు తుడుస్తా వినేదాన్ని. ఆ మంచి చెయ్యిని పట్టుకోని పోయి వాళ్ళ ముందర పెట్టింది నేనే కదా అని లోపల పురుగు దొలిచినట్టు ఉండేది.

తొమ్మిదో దినం ఆయన స్నానానికి పోయినప్పుడు ఫైలు తీసి చదివినాను. చిన్న అక్షరాల్లో ఒక మూలన, పది దినాల్లోగా వద్దనుకుంటే రాసి పంపొచ్చని ఉండాది. వెంటనే ఆయనకి చెప్పినాను అనుకుంటారేమో. లేదు. ముందు వాళ్ళకి ఫోను చేసినాను. సముద్రం పక్కన ఏడు దినాలు కావల్ల అన్నాను. ఫోనెత్తిన పిల్ల టకటకా ఏదో కొట్టి, "మీ పాయింట్లకి బీచ్ రాదు మేడం. రెండేండ్లవి కలిపితే మూడు దినాలు వస్తాయి, అది కూడా వానాకాలంలో" అనింది.

అప్పుడు పోయి ఆయనకి చెప్పినాను. అది నా నిజం. సముద్రం దొరికి ఉంటే నోరు తెరిచి ఉండేదాన్ని కాదేమో.

మజ్జానం అంగట్లో ఎవరూ లేరు. ఆయన కందిపప్పు పొట్లాలు కడతా ఉండాడు. "ఏమండీ, ఆ దినం హోటల్లో ఆ బోణీ మాట వాడొక్కడే చెప్పలేదు. అన్ని టేబుళ్ళ దగ్గరా చెప్తా ఉండారు. కన్నడమోళ్ళకి కన్నడంలో, అరవమోళ్ళకి అరవంలో. వాళ్ళకి నేర్పించిన మాట అది."

ఆయన చెయ్యి తక్కెడ మీదే నిలిచిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"నీళ్ళకి పోయినాను కదా, అప్పుడు విన్నాను."

"నేను కార్డు ఇచ్చినాకనా?"

"ముందర."

ఆయన తూచిన పప్పుని మళ్ళా మూటలోకి పోసేసినాడు. "సముద్రం చూడల్లంటే బంగారుపేటలో రైలెక్కితే మజ్జానానికి మద్రాసు. దానికి పాయింట్లు ఏమిటికే? నోరు తెరిచి అడిగుంటే..."

"అడిగినాను" అన్నాను. "మూడేండ్లు అడిగినాను."

ఇద్దరమూ ఆ పప్పు మూటని చూస్తా నిలబడినాము.

ఆ సాయంత్రమే వద్దని చీటీ రాసి ఇద్దరమూ బస్సెక్కి ఆ హోటల్‌కి పోయినాము. హాలు ఖాళీ. ఇత్తడి గంట లేదు, కోట్లోళ్ళు లేరు. రెండు దినాలకి బాడిగకి తీసుకున్నారంట, వాళ్ళెవరో మాకు తెలీదమ్మా అన్నాడు వాచ్‌మాన్. ప్లాస్టిక్కు చెట్లు మాత్రం ఉండాయి. నేను గిల్లిన ఆకు అట్లే ఇరిగి ఉండాది. మర్నాడు, పదో దినం, చీటీని రిజిస్టర్ పోస్టులో వేసి, జిరాక్సు అంగట్లో మెయిలు కూడా పంపించినాము. ఎన్ని ఫోన్లు చేసినామో, ఎంతమందితో తిట్లు తిన్నామో. డబ్బు చాలా నెలలకి వచ్చింది, కొంత పట్టుకోని. పైకప్పు ఆ వానాకాలమంతా కారింది. అది కాదు నా బాధ.

చీటీ పోస్టు చేసిన మర్నాడు పొద్దున్నే ఆయన ఎప్పటి మాదిరే షట్టరు ఎత్తినాడు. నేను కాఫీ తీసుకోని పోయినాను. స్కాన్ బోర్డు గోడవైపు తిప్పలేదు. బజారు వైపే ఉండాది. రైలుకి పోయే ఒకాయప్ప బ్రెడ్డు అడిగితే, "దాంట్లో వెయ్యప్పా" అన్నాడు. ఆయప్పే బిత్తరపోయి, "అన్నా, బోణీ అయ్యిందా?" అని అడిగినాడు. "వెయ్యప్పా, ఏమైతాది" అన్నాడు మా ఆయన. డబ్బు ముట్టిందని బోర్డు పక్కన ఉండే మిషను పెద్దగా అరిచింది.

అప్పుడే అవ్వ జనాన్ని తోసుకుంటా వచ్చింది. ఎప్పటి మాదిరే పది రూపాయల బిళ్ళ చాపింది. ఆయన టీపొడి పొట్లం తీసి ముందర పెట్టినాడు. బిళ్ళకి చెయ్యి చాపలేదు.

"ఆడ పెట్టవ్వా" అన్నాడు, బిస్కెట్ల సీసా పక్కన చూపించి.

అవ్వ చాపిన చెయ్యి అట్లే ఉండాది. ఆయన్ని చూసింది, బజారు వైపు తిరిగి ఉన్న ఆ బోర్డుని చూసింది. "ఏమప్పా? నా చెయ్యి చెడ్డదై పోయినాదా?"

"చెయ్యేముందవ్వా. అంతా ఒకటే" అన్నాడు.

అవ్వ బిళ్ళని సీసా పక్కన పెట్టి, పొట్లం కొంగులో కట్టుకోని, ఎవర్నీ తోయకుండా జనం వెనక నుంచి పోయింది. రైలు టైమైపోయి జనమంతా పోయినారు. ఆయన లోపలికి పోయి మొహం కడుక్కుంటా ఉండాడు. బిళ్ళ ఆ సీసా పక్కనే ఉండాది. నేను గుడ్డ పట్టుకోని సీసా చుట్టూ తుడిచినాను. ఆ బిళ్ళని తీసి డబ్బాలో వేయడానికి నాకు చెయ్యి రాలేదు.